ఆగ్నేయ మూల బ్యాటరీ

మా తాత శంకరప్పకు రెండింటి మీదే నమ్మకం: ఒకటి వాస్తు, రెండోది తన తెలివి. పొయ్యి సరిగ్గా ఆగ్నేయంలో ఉండాలని వంటిల్లు రెండుసార్లు కూల్చి కట్టించాడు. రెండోసారి కట్టాక పొగంతా మా అవ్వ నల్లమ్మ మంచం మీదికే పోయేది. అవ్వ దగ్గుతూ ఉండేది, వాస్తు మాత్రం అద్భుతంగా ఉండేది.

పెనుకొండ దగ్గర ఒక సిల్కు మిల్లు వాళ్ల గెస్ట్ హౌస్‌లో తాత తోటమాలి. పనికి కుదిరినప్పుడు ఆయన చేతిలో కొడవలి ఒక్కటే. ముప్పై ఏళ్లు గొంతుక్కూర్చుని గడ్డి కోసి మోకాళ్లు అరగదీసుకున్నాడు. 2002లో మిల్లు యజమాని విదేశం నుంచి చిన్న తోట ట్రాక్టరు తెప్పించాడు. డీజిలు అక్కర్లేదు, రాత్రిపూట ఛార్జింగ్ పెట్టే బ్యాటరీలతో నడుస్తుంది. పైన కూర్చుని నడిపితే కింద బ్లేడు గడ్డి కోస్తుంది. దాని సీటెక్కిన రోజు నుంచి తాత నడక మానేశాడు. నల్లా తిప్పడానికి కూడా బండి మీదే వెళ్లేవాడు. ఊళ్లో తనను డ్రైవరని పిలవకపోతే పలికేవాడు కాదు.

బండితోపాటు పొదలు కత్తిరించే మిషనూ, అంచుల్లో గడ్డి కోసే మిషనూ వచ్చాయి. వాటికి గెస్ట్ హౌస్ నుంచి వైరు లాగుదామంటే పగలంతా కరెంటు ఉండదు. అప్పుడు పెనుకొండలో బ్యాటరీల అంగడి నడిపే సలాం వచ్చి ఉపాయం చెప్పాడు. బండి మూత కింద బ్యాటరీలు ముందు రెండు, వెనక రెండు, చదరంగా ఉంటాయి. అందులో ఒకదానికి రెండు క్లిప్పులు తగిలిస్తే మిషన్లు బండి కరెంటుతోనే నడుస్తాయి.

"రోజూ ఒకదానికే తగిలించొద్దన్నా. మార్చి మార్చి వాడుకో" అని సలాం చెప్పి పోయాడు.

తాత చెవికి అది ఎక్కలేదు. కరెంటంటే నిప్పు, నిప్పంటే ఆగ్నేయం. రోజూ బండిని తూర్పు ముఖంగా నిలబెట్టి, ఆగ్నేయ మూలకు వచ్చే బ్యాటరీకే, అంటే ముందు వరుసలో కుడివైపు దానికే, క్లిప్పులు తగిలించేవాడు. తక్కిన మూడింటికీ విభూతి పెట్టి దండం పెట్టేవాడంతే.

కొన్ని నెలలకు ఆ బ్యాటరీ చచ్చింది. సలాం ఇంకోటి వేశాడు. అదీ చచ్చింది. సలాం నాసిరకం సరుకు అమ్ముతాడని తాత బస్టాండంతా చాటింపు వేశాడు. మూడోది చచ్చినప్పుడు బండి తోట నడిమధ్యన ఆగిపోయింది. దిగి తోయడం నామోషీ అని తాత సీటు మీదే కూర్చుండిపోయాడు. అది మేనేజరు రవికుమార్ కళ్లబడింది.

"సోమవారం పొద్దున ధర్మవరం కాంట్రాక్టరు వస్తాడు శంకరప్పా. వాళ్లకు మనుషులూ మిషన్లూ ఉండాయి. నీ బండి ఆ ఒక్క పూటలో గడ్డీ పొదలూ అన్నీ ముగిస్తే సరి. లేదంటే బండి పాత ఇనుముకు, నువ్వు ఇంటికి" అన్నాడు.

ఆ రోజు తాత తన మోకాళ్ల వైపు చూసుకున్న చూపు నాకింకా గుర్తే. కొడవలితో ఆయన్ను మళ్లీ ఎవరూ పనికి పెట్టుకోరు. ఆ సీటు పోతే బతుకులో మిగిలేది అరుగే.

సలాం మళ్లీ వచ్చాడు. తిట్లన్నీ విని కూడా వచ్చాడంటే ఆయన ఎంత మంచివాడో అనుకోవచ్చు, లేదా మా తాతతో వాదించడం ఆయనకు అంత ఇష్టమైనా అయ్యుండాలి.

"నాలుగు ఎద్దులకూ మేత ఒకటే పెడ్తాండావు. ఒకదానికి మాత్రం గానుగ పని కూడా చెప్తాండావు. అది సావక ఏం చేస్తాదన్నా?"

"అయితే నిప్పును వాయవ్యంలో పెట్టమంటావా? మిల్లు కాలిపోతే నువ్వొచ్చి ఆర్పుతావా?"

"ఇది ఇల్లు కాదన్నా, బండి. తిరుగుతాంటాది."

"అందుకే గదప్పా నిలబెట్టినంకనే తగిలిస్తాండా. ఆ మాత్రం నాకు తెల్దా?"

సలాం కొత్త బ్యాటరీ బిగించి, ఇదే ఆఖరిదని చెప్పి పోయాడు. సంగటి తెచ్చిన అవ్వ ఈ రభసంతా వింటూ కూర్చుంది.

"ఏమయ్యా, ఆ బండి తూర్పుకే నిలబడతాదా? ఉత్తరానికి నిలబడదా?"

"యాడికైనా నిలబడతాది. ఏమిటికి?"

"ఉత్తరానికి తిప్పితే ఆగ్నేయానికి యా బ్యాటరీ వస్తాది?"

తాత చేతిలో సంగటి ముద్ద నోటి దాకా పోయి ఆగింది. కాసేపు గాలిలో వేలితో గీతలు గీశాడు. వెనక కుడిది వస్తుంది. పడమరకు తిప్పితే వెనక ఎడమది. దక్షిణానికి తిప్పితే ముందు ఎడమది. మూల అక్కడే ఉంటుంది, బ్యాటరీ మారుతుంది.

"అదే నేనూ ఆలోచిస్తాండా. నువ్వు నడిమధ్యలో మాట్లాడి చెడగొడ్తివి" అన్నాడు.

సోమవారం కాంట్రాక్టరు పెట్రోలు మిషన్లు ఆటోలో వేసుకుని వచ్చి నీడన నిలబడ్డాడు. తాత ముందు గడ్డి అంతా కోశాడు. తర్వాత ఒక వరుస పొదలు కత్తిరించడం, బండెక్కి దాన్ని ఇంకో దిక్కుకు తిప్పడం, దిగి క్లిప్పులు మార్చడం, మళ్లీ కత్తిరించడం. చూసేవాళ్లకు బండికి దిష్టి తీస్తున్నట్టుంది.

"ఊరికే అట్ల తిప్పుతాండావేంది?" అన్నాడు మేనేజరు.

"టెక్నిక్ సార్."

చూడ్డానికి వచ్చిన సలాం నవ్వాపుకోలేక దగ్గు అడ్డం పెట్టుకుని గోడ చాటుకు పోయాడు.

మధ్యాహ్నానికి ఆఖరి పొద కూడా అయిపోయింది, బండి ఇంకా ఊపు మీదే ఉంది. మేనేజరు తోటంతా ఒక చుట్టు తిరిగి వచ్చి, "సరే, ఉండనీ" అని లోపలికి పోయాడు. కాంట్రాక్టరు మాత్రం కదల్లేదు. ఆ టెక్నిక్ ఏందో చెప్పమని తాతను అడిగాడు. తాత సీటు మీదే సర్దుకుని, దిక్కులు, మూలలు, ఎద్దులు, మేత అన్నీ కలిపి పాఠం చెప్పాడు. అందులో సలాం పేరు లేదు, అవ్వ పేరు అసలే లేదు.

సంగటి గిన్నెతో వచ్చిన అవ్వ అంతా విని, "అయినాదా? దిగి తిను, సంగటి సల్లారిపోతాది" అంది.

"ఈడికే ఇయ్యి" అన్నాడు తాత.

అవ్వ గిన్నె పైకి అందించింది.