పావడాలో ఆగిన బంతి

నేను చెప్పింది చెప్పినట్టు రాయి తల్లీ, మధ్యలో సరిచేయకు.

కళ్ళు మూసుకుంటే నాకు ముందు కనిపించేది దుమ్ము. పుంగనూరు బళ్ళో, సాయంత్రం ఎండ పల్చబడి తేనెరంగుకు తిరిగే వేళ గ్రౌండు మీద లేచే దుమ్ము. అందులో పన్నెండు మంది ఆడపిల్లలు, పావడాలతో, నీళ్ళలో నడుస్తున్నట్టు మెల్లగా కదులుతుంటారు. నిజానికి వాళ్ళు పరుగెత్తేవాళ్ళే. జ్ఞాపకంలో మాత్రం ఎందుకో మెల్లగానే కదులుతారు.

తొంభైల్లో సంగతి. ఆ ఆడపిల్లల హైస్కూల్లో నేను డ్రిల్ టీచర్ని. ఒకరోజు బడికి ఒక గోనెసంచి వచ్చింది. ఒక బ్యాటు, రెండు బంతులు, నాలుగు గ్లౌజులు. పిల్లల చేత సాఫ్ట్‌బాల్ ఆడించమన్నారు. మెత్తగా ఉంటుందనుకుని మొదటి బంతిని అరచేత్తో ఆపాను. రెండు రోజులు సంగటి కెలకడానికి చెయ్యి రాలేదు.

"నాలుగు గ్లౌజులతో తొమ్మిది మంది ఎట్లా ఆడినారవ్వా?" అంటున్నావా? బంతి ఎక్కువగా వచ్చే చోట నిలబడేవాళ్ళకు గ్లౌజు, మిగతావాళ్ళకు వాళ్ళ అరచేతులు.

వచ్చేవన్నీ నేల బంతులే. బ్యాటుకు తగిలి, దొర్లుకుంటూ వచ్చి, గులకరాయి అడ్డొస్తే చెంపమీదికి ఎగిరేవి. వాటిని ఆపడం నేర్పడమే నా పని. పరుగెత్తేవాళ్ళు కాలు ఆనించే గుర్తుల్ని బేసులంటారు; రెండో బేసుకూ మూడో బేసుకూ నడుమ ఒక పిల్లను నిలబెట్టాను. రామసముద్రం వైపు పల్లె నుంచి, పొద్దున్నే ఆవుల పాలు పితికి, క్యాన్లతో పాటు వాళ్ళ నాయన వెంట బస్సెక్కి వచ్చేది. దగ్గరికొస్తే పాల వాసన. ఆ పిల్లను దాటి ఒక్క బంతీ పోయేది కాదు.

ఆ పిల్లకు ఉన్నది ఒకటే కోరిక. రైలు చూడాలి. పుంగనూరుకు రైలు లేదు. మదనపల్లె పోటీల్లో గెలిచిన జట్టు కుప్పం పోయి ఆడుతుందని, కుప్పంలో రైలుందని తెలిసినప్పటినుంచీ నన్ను వదల్లేదు.

"మేడం, రైలు గ్రౌండు కాడికొస్తాదా?"

"పట్టాల మీద పోతాది మే. గ్రౌండు పట్టాల పక్కనే అంట."

"అయితే ఆడతా ఆడతా సూడొచ్చు."

వాళ్ళ నాయన ఒకరోజు బడి గేటు దగ్గర క్యాను దించి నన్ను ఆపాడు. "టీచరమ్మా, మదనపల్లెకంటే పొద్దున పోయి మాపటికొస్తాది, పంపిస్తా. ఓడిపోతే మాత్రం ఇంగ బంతాట మాట ఎత్తకూడదు. ఆవులు నా మాట ఇనవు, దాని మాటే ఇంటాయి."

"గెలిస్తేనప్పా?"

"గెలిస్తే కుప్పం పోనీలే. రెండు దినాలు ఆవుల చేత నేనే తన్నించుకుంటా."

పోటీలకు పావడాలు పనికిరావన్నారు. ట్రాక్ ప్యాంట్లు కుట్టించాను. ముందే ఇస్తే మాసిపోతాయని ఆటరోజు దాకా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఈ మాట కింద గీత గీయి తల్లీ, తప్పంతా అక్కడే ఉంది.

మదనపల్లెలో పొద్దున ఆట. ఆ పిల్లవైపు మొదటి బంతి వచ్చింది. వంగింది. బంతి కాళ్ళ సందులోంచి వెళ్ళిపోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ప్రతిసారీ వెనక్కి తిరిగి, రాత్రి వేసిన తలుపు పొద్దున లేచేసరికి మాయమైనట్టు చూసింది. "ఏం మే, గేటు తీసిపెట్టినావా?" అని అవతలి జట్టు పిల్లలు నవ్వారు. మావాళ్ళు కొట్టిన పరుగులతో ఎట్లాగో ఒక్క పరుగు తేడాతో గట్టెక్కాం. మధ్యాహ్నం ఇంకో ఆట గెలవాలి.

పెరుగన్నం గిన్నె ముందు పెట్టుకుని ఆ పిల్ల తినలేదు. "ఇంగ రైలు లేదు గదా మేడం" అంది. ఆ మాట అంటూ కూర్చున్నప్పుడు చూశాను. దాని చేతులు మోకాళ్ళ దగ్గర లేని పావడాను సర్దుతున్నాయి.

అప్పుడు తెలిసింది నాకు. నాలుగు నెలలుగా బంతిని ఆపింది పిల్ల కాదు, పావడా. వంగి, కుచ్చిళ్ళు పరిచి, వలలో చేపను పట్టినట్టు పట్టేది. నేనేమో పక్కన నిలబడి శభాష్ అనేదాన్ని.

"మీ ఇంట్లో కోళ్ళుండాయా?" అని అడిగాను.

"ఉండాయి మేడం."

"కోడిపిల్లను ఎట్లా పడతావు?"

"ఎదురు పోయి, బాగా కిందికి కూసోని పట్టాల. పైనించి పట్టబోతే సందులో దూరిపోతాది."

"సేతులు?"

"ఒగటి నేలకి ఆనిచ్చి, ఒగటి మీద కప్పాల. పట్టిందాకా సూపు తిప్పకూడదు. తిప్పితే తల్లి కిందికి పోతాది."

"నేను నేర్పాల్సింది అంతా నువ్వే చెప్తివి గదే" అన్నాను. గోడవారన బంతి దొర్లించాను. కోడిపిల్లను పట్టినట్టే పట్టింది. ఇరవై సార్లు, ముప్పై సార్లు. పెరుగన్నం ఎండిపోయింది.

మధ్యాహ్నం ఆటలో ఆ పిల్లను దాటి ఒక్కటీ పోలేదు.

కుప్పంలో గ్రౌండు నిజంగానే పట్టాల పక్కన ఉంది. గెలిచామా ఓడామా అంటే సరిగ్గా గుర్తు లేదు, ఓడినట్టున్నాం. గుర్తున్నది ఒకటే. దూరంగా కూత వినిపించింది. నేల సన్నగా వణికింది. సరిగ్గా అప్పుడే బంతి దాని వైపు దొర్లుకుంటూ వచ్చింది. మావాళ్ళంతా పట్టాల వైపు తిరిగారు. ఆ పిల్ల కూర్చుంది. ఒక చెయ్యి నేలకు, ఒక చెయ్యి మీద. బంతి పట్టి, లేచి, మొదటి బేసుకు విసిరి, అప్పుడు తిరిగింది. రైలు అప్పటికే దూసుకుపోయింది, పట్టాల మీద ఎండ తప్ప ఏమీ లేదు.

విరామంలో నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "ఎన్ని పెట్టెలుండాయి మేడం?"

"నేనూ సూడలేదు మే."

"మీరు యాల సూడలేదు?"

"నీ సేతులు సూస్తా ఉంటి."

ఇంత తెలివితక్కువ మనిషి ఉంటుందా అన్నట్టు చూసింది నన్ను.

ఆ సాయంత్రం పుంగనూరు బస్సు వదిలేసి, పన్నెండు మందినీ స్టేషన్‌కు తీసుకుపోయాను. ఎర్రబడ్డ వెలుతురులో ఒక గూడ్సు బండి, నిద్రలో నడిచినట్టు, మెల్లగా వచ్చింది. మిగతావాళ్ళు చెవులు మూసుకున్నారు. ఆ పిల్ల మాత్రం కాళ్ళు ఎడం చేసి, మోకాళ్ళు వంచి, చూపు తిప్పకుండా చివరి పెట్టె దాకా అట్లాగే కూర్చుంది.