పచాకుటికి బారసాల

సింగపూర్‌లోనే యూ టీ పేట నుంచి టోవా పాయో పేటకి వెళ్ళడం కూడా ఒక ప్రయాణమేనా అని మా ఆయన నవ్వారు. ఒక పసివాడి పేరు మోసుకుని వెళ్ళాను కాబట్టి, ముమ్మాటికీ ప్రయాణమే. ఐటీ ఉద్యోగాలు జోరు మీదున్న ఆ రోజుల్లో ఇక్కడ నాతో పనిచేసిన నరసాపురం కుర్రాడు రమేష్, అదే ప్రాజెక్టుకి పెరూ దేశం నుంచి వచ్చిన రోసాని పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఆదివారం వాళ్ళ బాబుకి బారసాల. రమేష్‌కి అక్కచెల్లెళ్ళు లేరు కనుక మేనత్త హోదా నాకు దక్కింది. ఆ హోదాలో పొద్దున్నే ఫోన్ కూడా దక్కింది.

"అక్కా, కొంప మునిగింది! రోసా వాళ్ళ నాన్న బాబుకి పచాకుటి అని పెట్టమన్నారు. పూర్వం వాళ్ళ దేశాన్నేలిన 'ఇంకా' వంశపు చక్రవర్తి పేరట. ఆ పేరు చెవిలో చెప్పనని అమ్మ పట్టుబట్టింది. రోసా ఒకటే ఏడుపు. నువ్వే ఎలాగోలా నచ్చజెప్పాలి."

"అర్థం ఏం చెప్పావురా మీ అమ్మకి?"

"ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నదే అక్కా. భూమిని తలకిందులు చేసేవాడు."

ఆ మాట విన్నాక ఏ నాయనమ్మ ఒప్పుకుంటుంది! నాలుగు తిట్టి ఫోన్ పెట్టేశాను.

ఎనిమిదిన్నరకి రైలెక్కాను. ఈ దారిలో రైలు మారే పని లేదు. ఉడ్‌లాండ్స్ మీదుగా చుట్టు తిరిగి ముప్పావు గంటలో చేరుస్తుంది, టికెట్టు రెండు డాలర్లలోపే. ఇంటర్నెట్‌లో వెతికి అచ్చేసుకున్న కాగితాలు దారంతా చదివాను. ఇంగ్లీషువాళ్ళలో ఒకరు 'భూమిని కంపింపజేసేవాడు' అన్నారు, ఒకరు 'లోకాన్ని సంస్కరించినవాడు' అన్నారు. ఆ పేరునే మామూలు పదంగా కూడా వాడతారట, ఒక కాలం కూలి మరో కాలం మొదలవడానికి. శత్రువులు తన రాజధాని కుస్కో మీదికి వస్తే ఆ చక్రవర్తి తరిమికొట్టి, ఆ తర్వాత పెట్టుకున్న పేరట అది. ఇంత గొప్ప పేరుని రమేష్ ఒక్క ముక్కలో భూకంపం చేసిపెట్టాడు.

దిగేసరికి కుండపోత వాన. నడిస్తే పది నిమిషాలే, కానీ పట్టుచీర కోసం టాక్సీ ఎక్కాను. డ్రైవర్ అంకుల్‌కి సంగతంతా చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వి, సింగపూర్ యాసలో "గ్రాండ్‌మా హ్యాపీ, ఎవ్రీబడీ హ్యాపీ లా!" అన్నాడు. అంతకు మించిన సలహా ఆ రోజు నాకెవరూ ఇవ్వలేదు.

ఇంట్లో పళ్ళెం నిండా బియ్యం, పక్కన ఉంగరం సిద్ధంగా ఉన్నాయి. రోసా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రమేష్ వాళ్ళమ్మ సత్యవతి గారు బాబుని ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. నేను కాగితాలు తీసి యుగం, శత్రువులు, విజయం అంటూ హరికథలా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"బానే ఉందమ్మా. మరి ఆ రాజుగారిని ఉయ్యాల్లో ఏసినప్పుడు వాళ్ళమ్మ ఏమని పిలిచిందంట?"

నా కాగితాలన్నీ తిరగేశాను. నేనైతే ఆ సంగతి చూడనే లేదు. రమేష్ ఆ ప్రశ్నని ఇంగ్లీషులో చెప్పగానే రోసా కళ్ళు తుడుచుకుంది.

"కుసి, అత్తమ్మా! అప్పుడు పేరు కుసి. మా భాషలో జాయ్, హ్యాపీనెస్... సంతోషం!"

"ఇదేదో ముందే చెప్పొచ్చుగా! మనకి మాత్రం పుట్టినప్పటి పేరొకటి, పిలిచే పేరొకటి లేవేంటి? రెండూ రాయండ్రా బియ్యంలో."

ఆవిడ బాబు చెవి దగ్గరికి వంగి మెల్లగా "కుసి" అన్నారు. ఆ వెంటే "పచాకుటి" అని కూడా అన్నారు. రోసా వెళ్ళి ఆవిడ మెడ కావలించుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

రమేష్ ఊరుకుంటాడా! "లోకం తలకిందులైపోద్దన్నావు కదమ్మా?"

"లోకం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈణ్ణి బోర్లా పడనీరా, బొబ్బట్లు చేత్తాను."

మీరెప్పుడైనా ఇలా పేరు మోసుకుని వెళ్ళాల్సి వస్తే, అర్థంతో పాటు కథ మొదలు కూడా తెలుసుకుని వెళ్ళండి. ఎంత పెద్ద చక్రవర్తికైనా తల్లి పెట్టిన పేరొకటి ఉంటుంది. పుస్తకాలు ఆయన గెలిచాక పెట్టుకున్న పేరే చెప్పాయి, సత్యవతి గారు ఉయ్యాలలో పేరు అడిగారు. కొన్ని నెలలకి రోసా ఫోన్ చేసి ఒకటే అరుపు: "అక్కా, తిరిగేశాడు! బొబ్బట్లు!" మళ్ళీ అదే రైలెక్కాను. వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన: సింగపూర్ రైల్లో తినడం నిషేధం, పట్టుబడితే జరిమానా. బొబ్బట్లు తెచ్చుకోడానికి గట్టి మూత ఉన్న డబ్బా పట్టుకెళ్ళండి, తిరుగు దారిలో యూ టీ వచ్చేదాకా దాన్ని తెరవకండి.