మాటల్లేని ఇళ్ళ మధ్య రేడియో

మా నాన్నకూ పెదనాన్నకూ నా పెళ్ళినాటి నుంచి మాటల్లేవు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఇవతల దగ్గితే అవతల వినపడుతుంది. అయినా ఒకరి ముఖం ఒకరు చూడరు. పోయిన చలికాలం పెదనాన్న ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాడు. ఇక ఎక్కువ రోజులు ఉండడని చెప్పి ఖమ్మం దవాఖానా వాళ్ళు ఇంటికి పంపేశారు. అప్పటి నుంచి నాకు ఒకటే బెంగ, వీళ్ళిద్దరూ మాట్లాడుకోకుండానే ఆయన పోతాడేమోనని.

గొడవకు కారణం ఆస్తి కాదు, పొలం గట్టు కాదు. నా పెళ్ళి పిలుపు. మా వైపు దగ్గరివాళ్ళను పెళ్ళికి పిలవాలంటే ఇంటికి పోయి, బొట్టు పెట్టి, నోటితో చెప్పాలి. కార్డు తర్వాతి సంగతి. మా నాన్న అందరి ఇళ్ళకూ తిరిగాడు. నేలకొండపల్లి దాకా పోయి వేలువిడిచిన చుట్టాలను కూడా పిలిచి వచ్చాడు. పక్కింట్లో ఉన్న అన్నను మాత్రం పిలవలేదు. "అన్నకు పిలుపేంది, ఇంటి మనిషి గదా" అనుకున్నాడు. చివరి రోజు ఎవరో గుర్తు చేస్తే, వీధిలో పోతున్న ఒకాయన చేతికి కార్డు ఇచ్చి పంపాడు. పెదనాన్న ఆ కార్డు తీసి చూరులో చెక్కి, పెళ్ళికి రాకుండా ఇంట్లోనే కూర్చున్నాడు. నన్ను భుజాల మీద మోసి పెంచిన మనిషి ఆయన. తలంబ్రాలప్పుడు కూడా నా కళ్ళు ఆయన కోసమే వెతికాయి.

ఆ తర్వాత ఆయన అన్న మాట ఊరంతా తిరిగింది. "నేను చుట్టాన్నైతే చుట్టం లెక్క పిలవాలె. ఇంటోణ్ణైతే పనులు నాకు అప్పజెప్పాలె. రెండూ గాకుండ పోయేటోని చేత కార్డు పంపిస్తడా?" మా నాన్న కూడా తగ్గలేదు. "ఎత్తుకొని పెంచిన పిల్ల పెండ్లికి పిలిస్తేనే వస్తడా?" అన్నాడు. నన్నడిగితే ఇద్దరి మాటా నిజమే. తంటా అక్కడే వచ్చింది. ఒక్కరిదే తప్పైతే ఎప్పుడో తేలిపోయేది.

మాటల్లేకపోవడం అంటే మాటలు పూర్తిగా ఆగిపోతాయని కాదు. అలాంటి ఇళ్ళను చూసినవాళ్ళకు తెలుస్తుంది. మా అమ్మ గోడ పక్కన బర్రెకు కుడితి పెడుతూ, "ఓ బర్రె, రేపు కరెంటు ఉండదంట, పొద్దుగాలనే నీళ్ళు పట్టుకోవాలె" అనేది. బర్రెకు కరెంటుతో ఏం పని? తెల్లారేసరికి అవతల పెద్దమ్మ డ్రమ్ము నిండి ఉండేది. పెద్దమ్మ కూడా తక్కువది కాదు. మా ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే వాళ్ళ కోడిని అదిలిస్తూ ఏ చెట్టు ఆకు నూరి పట్టాలో చెప్పేది. ఆడవాళ్ళు అలా బర్రెల మీదా కోళ్ళ మీదా సంసారాలు నెట్టుకొచ్చారు. మగవాళ్ళిద్దరికీ ఆ పాటి తెలివి కూడా లేకపోయింది.

నా ఉద్యోగం రేడియోలో మాట్లాడటం. ములకలపల్లి వైపు అడవి మొదలయ్యే చోట, ఎరువుల దుకాణం పైన రెండు గదులు, డాబా మీద ఒక స్తంభం, అంతే మా స్టేషన్. మైకు ఉన్న గదిలో గోడలకు చప్పుడు రాకుండా బొంతలు కొట్టాం. వానాకాలం ఆ బొంతల వాసనకు తల తిరుగుతుంది. మా గొంతు అడవి అంచు ఊళ్ళ దాకా పోతుంది. వాగు దాటాక గరగరమంటుంది, గుట్ట వెనక అసలు వినపడదు. మా బోటి చిన్న రేడియోలు సొంతంగా వార్తలు చదవకూడదు, రాజకీయం ఎత్తకూడదు. అనుమతి ఇచ్చేటప్పుడే ఆ షరతు పెడతారు. పొద్దున ఒక గంట నాది. ఏదో ఒక సంగతి ఎత్తుకుంటాను, వినేవాళ్ళు ఫోన్ చేసి మాట్లాడతారు. పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెబితే చాలు.

స్టేషన్ నడిపే సంస్థ సారు ఖమ్మం నుంచి ఎప్పుడైనా వచ్చి పోతుంటాడు. వచ్చినప్పుడల్లా అదే మాట. "రాజకీయం లేకుండ ఉట్టి ముచ్చట ఎవరింటరమ్మా? టీకొట్టు కాడ చూడు, పార్టీల గొడవ లేందే చాయ్ దిగదు. మనకు అది కుదరదు. ఆ గంట తీసేసి సినిమా పాటలేద్దాం." నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "పాటలైతే అందరి ఫోన్లల్ల ఉన్నయ్ సార్, మన దాకా ఎందుకొస్తరు?" అని ఎదురు చెప్పేదాన్ని. లోపల మాత్రం భయమే. మిర్చి తెగులు గురించి మాట్లాడాను, పిల్లల దగ్గు గురించి మాట్లాడాను, వాననీళ్ళు దాచుకోవడం గురించి మాట్లాడాను. ఫోన్ మూగనోము పట్టింది. ఎప్పుడైనా మోగితే, "మేడం, ఒక పాటెయ్యుండ్రి" అని ఎవరో కుర్రవాడు.

ఆ నోము తీర్చింది వాగు అవతలి ఊరి ఆమె. పెదనాన్న మంచం పట్టకముందు ఎండాకాలం అది. ఇప్పపువ్వు రాలే రోజులు కదా అని, పువ్వు ఎలా ఎండబెడతారో చెప్పమన్నాను. ఆమె ఫోన్ చేసి, "ఎండబెట్టుడు అందరికి ఎరుకే మేడం, వేరే మాట చెప్త" అంది. "చెట్టు కింద ఆకులూడ్చి సాపు చేసింది నేను. పొద్దుగాల పోయేసరికి ఎవరో ఏరుకపోయిండ్రు. ఏరినోళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళింట్ల బాలింత ఉన్నది. పసిపిల్లను ఇడిచిపెట్టి అడివికి రావద్దని చెప్పుండ్రి. నేనే ఏరి గంప పంపిస్త."

"ఎవరికి చెప్పమంటారమ్మా?" అన్నాను.

"రేడియోల చెప్పుండ్రి. ఇనేటోళ్ళు ఇంటరు" అని పెట్టేసింది.

మర్నాడు అదే ఊరి నుంచి ఇంకో గొంతు. "పువ్వు అందింది. పిల్లకు పాలు సరిపోతున్నయ్. ఆ మాట గూడ చెప్పుండ్రి." అంతే. నాకు వెంటనే అర్థమైంది. నేను గోడ పక్కన బర్రెతో మాట్లాడే అమ్మకు కూతుర్ని కదా.

ఆ తర్వాత ఫోన్ ఆగలేదు. పచ్చళ్ళ గురించి అడిగితే తోటికోడలికి సంజాయిషీ చెప్పుకునేవాళ్ళు, నాట్ల గురించి అడిగితే కూలికి రానని అలిగిన మనిషిని రమ్మనేవాళ్ళు. కొందరు సగం తెలుగులో, సగం తమ భాషలో మాట్లాడతారు. ఆ మాట ఎవరికో నాకు తెలియదు, ఆ ఊళ్ళో ఒకరికి తెలుస్తుంది. మిగతావాళ్ళంతా ఆ ఒకరు ఎవరా అని చెవులు రిక్కించి వింటారు. ములకలపల్లి సంతలో నన్ను ఆపి, "నిన్న మాట్లాడినామె ఎవరి గురించి?" అని కూపీ లాగబోయారు. నేను నోరు విప్పలేదు. సారు కూడా ఆశ్చర్యపోయి, "ఏం చేసినవమ్మా?" అని అడిగాడు. ఆయనకూ చెప్పలేదు. చెబితే దానికో పేరు పెట్టి గోడల మీద రాయిస్తాడు, ఆ రోజు నుంచి ఒక్కరూ ఫోన్ చెయ్యరు.

ఇంతలో చలికాలం వచ్చింది, పెదనాన్న మంచాన పడ్డాడు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా నేను పోయి చూసి వస్తూనే ఉన్నాను. మా పిల్లల తరానికి ఆ పట్టింపు లేదు. తల పక్కన చిన్న రేడియో పెట్టుకుని ఉండేవాడు. "ఆ నీళ్ళ డ్రమ్ముల ముచ్చట ఎంతసేపు చెప్పినవ్ బిడ్డా, నిద్రొచ్చింది" అని నన్ను ఆటపట్టించాడు. రాజకీయం లేకపోతే ఎవరూ వినరంటున్నారని చెప్పాను. ఆయాసం ఆపుకుంటూ అన్నాడు. "రాజకీయమోళ్ళు ఎవలకు చెప్తున్నరో తెల్వది. మనకైతే కాదు. ఈడ ఎవరు ఎవరికి చెప్తున్నరో ఎరుకే. అందుకే ఇంటున్న." మా సారు ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నేను ఎక్కడా వినలేదు.

"నాన్నను రమ్మననా పెదనాన్నా?" అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇవతలికొచ్చి నాన్నను అడిగాను. "పిలిస్తే పోత" అన్నాడు. "నా రేడియోలనన్నా ఒక మాట చెప్పరాదూ" అని నేనంటే, "నా ఇంటి ముచ్చట ఊరందరి ముందట పెడతవా?" అని విసుక్కున్నాడు. గోడ అవతల ఆయన ఊపిరి కోసం పడే అవస్థ మా వసారాలోకి వినపడుతూనే ఉంది. నాన్న తల దించుకుని వింటున్నాడు. నాకు ఆ ఇద్దరినీ పట్టుకుని కొట్టాలన్నంత కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మాఘమాసం వచ్చింది. పెళ్ళిళ్ళ రోజులు కాబట్టి, పెళ్ళి పనుల్లో ఏది ముందు చూసుకోవాలి అని ఒక పొద్దున ఎత్తుకున్నాను. వంటవాళ్ళ గురించి ఒకరు, పందిరి గురించి ఒకరు మాట్లాడారు. తర్వాత మోగిన ఫోన్ ఎత్తి, "నమస్తే అండి, ఏ ఊరు?" అన్నాను.

"మీ ఊరేనమ్మా."

నాన్న గొంతు. "చెప్పండి" అన్నాను, ఎవరో పరాయి మనిషితో అన్నట్టు.

"పిలుపుల గురించి ఒక మాట" అన్నాడు. "అందరు దూరపోళ్ళ నుంచి మొదలుపెడతరు. గట్ల చెయ్యొద్దు. ముందుగాల ఇంటోళ్ళను పిలవాలె. ఇంటోళ్ళే గదా, వాళ్ళకు పిలుపేంది అని ఊకుంటరు సూడు, అది తప్పు. నేను చేసిన. కావాలని చెయ్యలే, గని చేసిన." ఇంకేదో చెప్పబోయాడు. దగ్గు తెర కమ్ముకొచ్చింది. ఆ దగ్గులోనే ఫోన్ పెట్టేశాడు. నేను ఒక పాట వేసి, బొంతల గోడకు ఆనుకుని ఏడ్చాను.

మర్నాడు పెద్దమ్మ ఫోన్ చేసింది. రేడియోకు ఆమె ఫోన్ చెయ్యడం అదే మొదలు. "నిన్న పిలుపుల ముచ్చట చెప్పినాయనకు దగ్గు మస్తున్నది. మా ఇంటాయన ఇన్నడు. కషాయాలు తాక్కుంట కూసోవద్దు, జల్దీ దవాఖానకు పోయి చూపెట్టుకోమన్నడు. తన లెక్క ముదరబెట్టుకోవద్దన్నడు." "గంతే" అని పెట్టేసింది.

మధ్యాహ్నం అమ్మ నాకు ఫోన్ చేసింది. "మీ నాన్న ఉతికిన అంగీ తొడుక్కొని పక్కింటికి పోయిండు" అంది. స్కూటీ మీద పరుగున పోయాను. పెదనాన్న మంచం కాళ్ళ వైపు కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నాడు. ఇద్దరి మధ్యా మూరెడు దూరం. నన్ను చూడగానే నాన్న, "అన్నం తింటున్నడా అడుగు" అన్నాడు.

పెదనాన్న కూడా నాతోనే, "రెండు ముద్దలు పోతున్నయని చెప్పు బిడ్డా" అన్నాడు. "దవాఖానకు ఎప్పుడు పోతడో అడుగు."

"ఎల్లుండి పోత అని చెప్పు" అన్నాడు నాన్న.

నేను లేకపోతే వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకోక తప్పదని, నీళ్ళ వంకన లేచి బయటికి పోయాను. తలుపు పక్కన నిలబడి చాలాసేపు విన్నాను. లోపల చప్పుడు లేదు. చివరికి పెదనాన్న నన్నే పిలిచాడు. అప్పటి నుంచి నాన్న రోజూ పోయి కూర్చునేవాడు. నేను ఉంటే నా ద్వారా, లేకపోతే పెద్దమ్మ ద్వారా మాటలు నడిచాయి. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసి ఒక్క మాటా అనుకోలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదనుకుంటాను. నాకు అంతవరకే దక్కిందని సరిపెట్టుకున్నాను.

చెట్లు చిగురు వేసే రోజుల్లో ఒక పొద్దున పెదనాన్న పోయాడు. ఆయనకు కొడుకుల్లేరు. ఒక్క కూతురు, తల్లాడ నుంచి వచ్చింది. కొరివి పెట్టాల్సింది మా నాన్నే. నిప్పుల కుండ పట్టుకుని ముందు నడిచాడు. మా వైపు ఆడవాళ్ళం కూడా సగం దారి వరకు పోతాం. అక్కడ పాడె దింపుతారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉందేమోనని, దగ్గరి మనిషి చెవిలో మూడుసార్లు పిలవాలి. దింపుడు కల్లం అంటారు. ఊరికి అది ఒక ఆచారం, చకచకా కానిచ్చేస్తారు.

నాన్న కుండ కింద పెట్టి, పాడె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముఖం మీద పూలు కాస్త పక్కకు జరిపాడు. మళ్ళీ ఒక్కో పూవే సర్దుతున్నాడు. "పిలువయ్యా, ఎండ ముదురుతుంది" అన్నారు ఎవరో. చెవి దగ్గరకు వంగి, "అన్నా" అన్నాడు. అని, నిజంగా జవాబు కోసం చూస్తున్నట్టు ఆగాడు. "అన్నా" అన్నాడు మళ్ళీ, ఈసారి అందరికీ వినపడేలా. మూడోసారి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, నేనే వచ్చిన. ఎవరినీ పంపలే. పిలవటానికి నేనే వచ్చిన."

పాడె ఎత్తడానికి వంగినవాళ్ళు అలాగే ఆగిపోయారు. కాసేపటికి ఎత్తుకున్నారు.