మెట్‌పల్లి చుట్టి సిరిసిల్లకు, మనవరాలితో

మా మనవరాలు మౌనిక ఆశ్రమం విడిచి జగిత్యాలలో నా దగ్గరికొచ్చి ఐదు నెలలైంది. ఇప్పటికీ మంచినీళ్లు తాగాలన్నా నన్నడుగుతుంది. అక్కడ నాలుగేళ్లు తిండి, నిద్ర, ఇంటికి ఫోను, అన్నీ స్వామి అనుమతితోనే. సొంత అక్క పెళ్లికి కూడా సెలవు దొరకలేదు. నేను రిటైరైన టీచరును. పిల్లలు చేయెత్తి అడిగితే మురిసిపోయినదాన్నే గానీ, ఇంట్లో రోజంతా బడి నడపడం నావల్ల కాలేదు. అందుకే, "సిరిసిల్లల మీ అక్క రజితను చూసొద్దాం. తోవ నువ్వే చెప్పు" అన్నాను. బాగా ఆలోచించి, "కోరుట్ల మీదికెళ్లి పోదాం అమ్మమ్మా. కాలేజీకి పోయినప్పుడు తిన్న మిర్చీలు అక్కకు తీస్కపోదాం" అంది. నేరుగా పోయే దారి ఉందని తనకూ తెలుసు. అయినా ఇన్ని నెలల్లో నోరు తెరిచి కోరిన మొదటి కోరిక.

ఉదయం ఏడింటికి జగిత్యాల బస్టాండులో ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. ముప్పావుగంటలో కోరుట్ల చేరాం. మిర్చీల బండాయన అప్పుడే నూనె పెడుతున్నాడు. ప్లేటు ముప్పై రూపాయలు.

"గింత పొద్దుగాల మిర్చీలేంది అవ్వా? కడుపు మండుతది."

"మాకు కాదు, మా పెద్దపిల్లకు. దాని కడుపు ఎప్పుడో మండింది" అన్నాను. మౌనిక నవ్వాపుకుంది.

మేం ఎక్కాల్సింది కథలాపూర్, చందుర్తి మీదుగా పోయే వేములవాడ బస్సు. మౌనిక గబగబా దాని పక్క బస్సెక్కింది. బోర్డు మీద మెట్‌పల్లి అని ఉంది. చదివాను, నోరు మూసుకున్నాను. మా ఇంట్లో ఈ మాట ఎవరూ నమ్మరు. తన తప్పు తనే చూసి దిద్దుకోవాలని నా పాఠం.

కండక్టరమ్మ "మెట్‌పల్లికేనా?" అనగానే మౌనిక ముఖం పాలిపోయింది. బస్సులో అందరి ముందూ లేచి నిలబడి చేతులు జోడించింది. "తప్పైంది." ఆశ్రమంలో అలాగే ఒప్పుకోవాలట.

"కూసో బిడ్డా, బస్సు తప్పెక్కితే పాపమా? నాకు ముందే ఎర్క" అనేశాను.

"ఎర్కుండి గూడ చెప్పలేదా?" గొంతు పెద్దదైంది. "స్వామి గూడ గిట్లనే పరీక్ష పెడ్తుండె. మేం తప్పు జేసేదాంక చూస్కుంట కూసుంటుండె."

కండక్టరమ్మ కూడా నన్ను అదోలా చూసింది. మెట్‌పల్లిలో రెండు టీలు తెచ్చి, "ఇంకెప్పుడూ పరీక్ష పెట్ట. నాకు ఎర్కున్నది చెప్త. ఎక్కుడు, దిగుడు నీ ఇష్టం" అన్నాను.

"ఒట్టా?"

"ఒట్టు."

టీ పట్టుకుని ఎదురు బెంచీ మీద కూర్చున్న మౌనిక, కాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుంది. ముందు ఆగిన బస్సు చూపించింది. "గా బస్సు ఏడికి పోతది?"

"కోరుట్లకే. బోర్డు ఉన్నది గదా."

"చదివిన. నువ్వు చెప్తవా లేదా అని అడిగిన."

వెనక్కి కోరుట్ల వచ్చి, వేములవాడలో మారి, సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆటోకు మనిషికి ఇరవై. వీధంతా సాంచాల చప్పుడు, అదే మరమగ్గాలది. మగ్గాల షెడ్డులోంచి రజిత జుట్టంతా నూలు పొట్టుతో బయటికొచ్చింది.

"ఏందే, గిప్పుడు దొరికిందా మీ స్వామి సెలవు?"

మౌనిక మిర్చీల పొట్లం చాపింది. రజిత ఒకటి కొరికి, "సల్లగైనయ్, మెత్తగైనయ్" అని తిడుతూనే అన్నీ తినేసింది. మాకొక్కటీ పెట్టలేదు. ఆఖరుది నములుతూ, "ఎన్నొద్దులుంటవ్?" అంది, చెల్లెలి ముఖం చూడకుండా.

మౌనిక నా వైపు తిరిగింది.

"వారముంటే మంచిదని నాకనిపిస్తంది. ఉండుడు నీ ఇష్టం."

"వారమొద్దు. రెండ్రోజులుంట" అంది మౌనిక. "అక్క మంచిగ చూస్కుంటే మల్ల ఆలోచిస్త."

"అబ్బో!" అంటూ రజిత చెల్లెలి సంచి లాక్కుని లోపలికి నడిచింది.

నేరుగా పోయే బస్సులో ఒక్కదాన్నే తిరిగొచ్చాను. మనుషుల్ని మళ్లీ నమ్మమని మౌనికకు నెలల తరబడి పాఠం చెప్పాను, ఒక్కటీ ఎక్కలేదు. ఆ రోజు నా మీద అరిచింది, అరిచాక కూడా నా పక్కన తనకు చోటుందని టీ చల్లారకముందే తెలుసుకుంది. ఆశ్రమంలో ఎదురు మాట్లాడినవాళ్లకు చోటుండేది కాదట. మా ఇంట్లో ఎదురు మాట్లాడకపోతే జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూస్తాం.

ఈ దారిన వెళ్లేవాళ్లు కోరుట్లలో బోర్డు చదివి, కండక్టరునూ అడిగి ఎక్కండి. పక్కన ముసలావిడెవరైనా నోరు మూసుకుని కూర్చుంటే, ఆమెకేం తెలుసో కూడా కాస్త గట్టిగా అడగండి.