నవ్వే బొమ్మ

కొల్లేటి చేపల వేలంపాటలో ఎదుటివాడు ఎక్కడ ఆగుతాడో కళ్లు చూసి చెప్పే రామాంజనేయులు, బెజవాడ ఇంటర్నెట్ సెంటర్లో బ్లాక్‌జాక్ పేకాట ముందు కూర్చున్నా అదే పని చేస్తాడు. మౌస్‌ని తాకి కళ్లకద్దుకుని, తెరమీద ముక్కలు పంచే బొమ్మమ్మాయి కళ్లలోకి తొంగిచూస్తాడు. ఆమె నవ్వు మారదు. కొత్త వలకని తెచ్చిన డబ్బంతా సెంటర్ యజమాని చేతిలో పెట్టి, ఇవాళ అతని బ్యాంకు కార్డు మీద ఆడుతున్నాడు. ఇది ఆఖరి పందెం. చేతిలో ముక్కల మొత్తం పదహారు ఉంది. ఇరవై ఒకటి దాటితే పోయినట్టే. సెల్ మోగింది. "వల కొన్నావా మావా?" అంది భార్య మంగాయమ్మ. "బేరమాడుతున్నానే," అని పెట్టేసి, ఇంకో ముక్క అడిగాడు. పది పడింది. అమ్మాయి నవ్వుతూనే ఉంది. "ఒక్కసారి నా మొహం చూడమ్మా," అంటూ రామాంజనేయులు తెరకి దణ్ణం పెట్టాడు.