మాల్టా చూసొచ్చిన మనిషి

హోటల్లో ఉద్యోగమని నమ్మించి, ఏజెంటు త్రినాధరావును టూరిస్టు వీసా మీద మాల్టా పంపేశాడు. అక్కడ ఒక చిన్న పల్లెలో పదకొండు రోజులుండి, అతను అనకాపల్లి తిరిగొచ్చేశాడు. మోసపోయానని చెప్పుకోవడానికి మొహం చెల్లక, ఊరు చూడ్డానికే వెళ్లానన్నాడు. ఇప్పుడు బెల్లం మార్కెట్లో దిమ్మలు మోస్తాడు. బరువు దించగానే అరచేతులకంటిన బెల్లం లుంగీకి తుడుచుకుని ఫోన్ తీస్తాడు. అందులో పసుపురంగు రాతి ఇళ్లు, మూసి ఉన్న తలుపులు, వీధి మధ్యలో పడుకున్న పిల్లి. "మజ్జానం అక్కడ మనిషి మాటే ఇనపడదు," అంటాడు. "ఇక్కడ నీ మాట తప్ప ఇంకోటి ఇనపడదు గదా, మాల్టా బావా," అని తోటి కలాసీలు నవ్వుతారు. మెడ రుద్దుకుంటూ అతనూ నవ్వుతాడు.

మొన్న రావికమతం నుంచి అయ్యప్ప వచ్చాడు. అదే ఏజెంటు, అదే పల్లె, అదే హోటలు. "త్రినాధరావు సూసొచ్చేడు, ఎల్లి అడుగు," అని ఏజెంటే పంపాడట. సాయంత్రానికి అయ్యప్ప ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చేయాలి. త్రినాధరావు అలవాటు కొద్దీ ఫోన్ తీసి పిల్లి ఫొటో చూపించాడు.

"ఊరు బాగుంది బావా. మరి హోటలేదీ?" అన్నాడు అయ్యప్ప.

కలాసీలంతా వింటున్నారు. త్రినాధరావు ఫోన్ జేబులో పెట్టేశాడు.

"హోటలు నేదు, అయ్యప్పా. నాను సూడ్డానికెల్లనేదు, పనికెల్లేను. ఏజెంటిచ్చిన అడ్రసులో ఒక ముసలమ్ముంది. రోజూ ఎల్లి తలుపు కొట్టేవోణ్ణి. రోజూ మంచినీల్లిచ్చేది."