దేవుడు లేని తోటిల్లు

మా నాయన తోటింట్లో దేవుడి గూడు లేదు. గోడలో గూడైతే ఒకటుండేది. అందులో దువ్వెన, సున్నపుకాయ, ఊడిపోయిన ఎద్దుల గంటలు, విరిగిన కలాలు ఉండేవి. అమ్మ పోయాక ఆ ఇంట్లో దీపం పెట్టేవాళ్లు లేరు, పెట్టాలని నాయనకు తోచనూ లేదు. చింతామణికి పోయే బండిబాట పక్కన, ఊళ్లోనుంచి కేకేస్తే వినిపించేంత దూరంలో ఉండేది ఆ ఇల్లు. మట్టి మిద్దె, ముందు అరుగు, పక్కన బావి, బావి మీద ఎద్దులతో నీళ్లు తోడే కపిల. ఇల్లని మేమంటాం గానీ సగం కొట్టమే. నాయన పడుకునే గదిలో వేరుశనగ మూటలు దూలాల దాకా పేర్చి ఉండేవి. ఆ మూటల మధ్య మిగిలిన కాస్త చోటులో మా నాయన పెద్ద రచయిత.

పెద్ద రచయిత అన్నది నా మాట కాదు. బాగేపల్లి నుంచి చింతామణి దాకా ఏ ఊళ్లో నాటకం ఆడినా ఆయన రాసిందే ఆడేవాళ్లు. చిక్కబళ్ళాపురం నుంచి, బెంగళూరు నుంచి తలపాగాలు చుట్టుకున్నవాళ్లు ఆయన్ను చూడటానికి వచ్చేవాళ్లు. మోకాళ్ల దాకా బురద, నెత్తిన తుండుగుడ్డ చూసి జీతగాడనుకుని, "ఇంటాయన యాడుండాడప్పా?" అని ఆయన్నే అడిగేవాళ్లు. "కపిల తోలతాండాడు, కూచోండి" అని చెప్పి నాయన పోయి నిజంగానే కపిల తోలుకునేవాడు. మడి తడిసేదాకా తిరిగి వచ్చేవాడు కాదు.

ఆయన రాసేది ఆ కపిల మీదే. బావి గట్టు నుంచి ఏటవాలుగా ఒక దారి ఉంటుంది. ఎద్దులు మోకు లాగుతూ ఆ దారిలో దిగుతుంటే తోలు బాన నీళ్లతో పైకి వస్తుంది. నాయన మోకు మీద కూర్చుని దిగుతూ ఒక చరణం పాడేవాడు. బాన కాలువలో ఒలికాక ఎద్దులను వెనక్కి నడిపిస్తూ ఎక్కేటప్పుడు మాత్రం నోరు విప్పేవాడు కాదు. రెండో చరణం అప్పుడే దొరికేదట. దొరక్కపోతే ఎద్దులకు తిట్లు. మా మడిలో నీళ్లు గట్టు దాటి పారితే, "ఏమప్పా, నాటకంలో యుద్ధం వచ్చినాదా?" అని పక్క తోటవాళ్లు అడిగేవాళ్లు.

ఒకసారి కాగితాలు వేసే వెదురు బుట్టలో కోడి పొదిగింది. దాని కింద రెండో అంకం ఉంది. నాటకం ఆడేవాళ్లు బాగేపల్లి నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నాయన కోడిని లేపనివ్వలేదు. "పిల్లలు దిగనీండప్పా, అంకం యాడికి పోతాది" అన్నాడు. పాపం, వాళ్లు ఉత్త చేతులతో తిరిగి పోయారు. ఆ కాగితాల మీద మరకలు చివరిదాకా అట్లాగే ఉన్నాయి.

నన్ను మేనత్త కొడుక్కే ఇచ్చి చేశారు. నాయన అక్కే నాకు అత్త. ఊరు మారలేదు. అత్తింటి మిద్దె ఎక్కితే పుట్టిల్లు కనిపించేది, పోవడానికే తీరిక ఉండేది కాదు. రాగులు విసరాలి, పట్టుపురుగులకు ఆకు తరగాలి, కూలివాళ్లకు ముద్దలు కెలకాలి. నెలలో మూడు రోజులు మాత్రం నేను దేన్నీ తాకకూడదు. మా అత్తింట్లో ముట్టు గట్టిగా పాటించేవాళ్లు. బయట చేరిన ఆడవాళ్లు పశువుల కొట్టం పక్కన చాప వేసుకుని కూర్చోవాలి. కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే అత్త నా ముఖం చూసి తానే దారి చెప్పింది.

"ఈడ కూచోని ఏం జేస్తావు పాపా, తోటింటికి పో. మీ నాయనకింత సంగటన్నా కెలికి పెడుదువు. ఆ ఇంట్లో దేవుడూ లేడు, మైల పడేదీ లేదు."

తమ్ముడి మీద విసుగు, కోడలి మీద జాలి కలిసిన మాట అది. అట్లా నాకు నెలనెలా సెలవు దొరికింది. తక్కిన కోడళ్లు ఆ రోజులకు ముఖం ముడుచుకుంటే నేను ఎదురు చూసేదాన్ని. కడుపునొప్పి ఉన్నా సరే, బండిబాటలో నడిచినట్టే ఉండేది కాదు, ఎగిరిపోతున్నట్టు ఉండేది.

నేను అరుగెక్కుతుంటేనే నాయన కపిల మీద నుంచి అడిగేవాడు, "వచ్చినావా? యాడిదాకా వచ్చినాదో సూడు" అని. అంటే పోయిన నెల ఆపిన చోటు వెతికి చదవమని. నేను చదివేదాన్ని. ఆయన ఎద్దులను తోలుతూ తరవాతి ముక్క చెప్పేవాడు, నేను చెక్కపలక ఒళ్లో పెట్టుకుని రాసేదాన్ని. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు, కాగితం దొరికేది కాదు. పెళ్లిపత్రికల వెనకా, మండీ చీటీల వెనకా రాశాం. కిరసనాయిలు అంతకన్నా కరువు, అందుకని పొద్దు గూకేలోపే అన్నీ ముగించాలి. ముట్టూ మైలా అన్న ఆలోచనే ఆ మనిషికి ఉండేది కాదు. నేను ముట్టుకున్న చెంబుతోనే నీళ్లు తాగేవాడు, నేను కెలికిన ముద్దనే ఉప్పుసారుతో తినేవాడు, ముద్ద పలచనైందని తిట్టేవాడు.

నేనూ ఊరుకునేదాన్ని కాదు. చివరి నాటకంలో రాణి అంకమంతా ఏడుస్తూనే ఉంది. "నీ నాటకంలో ఆడమనిషికి ఏడ్సేది తప్ప వేరే పనే లేదా నాయనా?" అన్నాను. ఎద్దులు దిగాయి, ఎక్కాయి, మళ్లీ దిగాయి. "అయితే ఏం జేయమంటావు?" అన్నాడు. రాజును తిట్టమన్నాను. ఎట్లా తిట్టాలో తెలియక మేమిద్దరం అత్త తిట్లు అరువు తెచ్చుకున్నాం. మామ సంత నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు అత్త గడపలో నిలబడి అనే మాటలన్నీ నేను చెబుతుంటే, ఆయన వాటికి తాళం కట్టాడు. నవ్వి నవ్వి నాయన మోకు మీద నుంచి జారి పడబోయాడు. ఆ నవ్వు నాకు ఇప్పుడు కావాలి. దాన్ని ఎవరూ దాచలేదు.

ఆ నాటకం పూర్తి కాలేదు. వేసవిలో వచ్చిన జ్వరం ఆయన్ను తీసుకుపోయింది. నేనప్పుడు అత్తింట్లో ఆకు తరుగుతున్నాను. ఆ నెల నా మూడు రోజులు ఇంకా రాలేదు.

సంవత్సరీకం కాకముందే తాలూకా అధికారి అమల్దారు, స్కూలు మేష్ట్రు మా ఇంటికి వచ్చారు. మేష్ట్రు మైసూరులో చదువుకున్నాడు. ఇంగ్లీషువాళ్ల దేశంలో పెద్ద రచయిత పోతే ఆయన ఇంటిని ఉన్నదున్నట్టు ఉంచేస్తారట. కుర్చీ, టోపీ, చెప్పులు ఎక్కడివక్కడే. జనం వచ్చి చూసి పోతారట. దాన్ని మ్యూజియం అంటారని చెప్పాడు. పొలం మేం చేసుకునేటట్టూ, ఇల్లు జనానికి వదిలేటట్టూ మా ఆయన ఒప్పుకున్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఉన్నదున్నట్టు అన్న ఆ ఒక్క మాటను పట్టుకుని, ఇల్లు సర్దే పని నెత్తినేసుకున్నాను. వేరుశనగ మూటలు ఎందుకని మేష్ట్రు అన్నాడు. మూటలు లేకుంటే అది మా నాయన గదే కాదని పోట్లాడి రెండు మూటలు నిలబెట్టుకున్నాను. దారం కట్టిన కళ్లజోడు, చెక్కపలక, కోడి పొదిగిన బుట్ట, తుండుగుడ్డ, అన్నీ వాటి వాటి చోట్లలోనే ఉంచాను. ఇంటి తలుపు తీయగానే ఆయన ఇప్పుడే బావి దగ్గరికి పోయినట్టు ఉండాలని నా ఆశ.

తలుపు తెరిచిన రోజు బొగ్గుగ్యాసు బస్సులో చిక్కబళ్ళాపురం పెద్దమనుషులు వచ్చారు. కన్నడంలో ఉపన్యాసాలయ్యాయి. వాళ్లు చూసి పోయాక మా జనం వచ్చారు. వాళ్లు పొలం గట్టునే చెప్పులు విడిచారు. చేతుల్లో టెంకాయలు, ఊదువత్తులు. పోయిన మనిషి కోసం ఇంటిని ఉంచడమంటే వాళ్లకు తెలిసింది గుడి ఒక్కటే. ఊరికే చూసి పోవాలంటే చేతులు ఏం చేసుకోవాలో వాళ్లకు తెలియలేదు. ప్రతి పున్నమికీ కైవారం గుడికి పోయివచ్చే మా అత్తకు మాత్రం బాగా తెలుసు. చెక్కపలకకు కుంకుమ పెట్టింది. నేను తుడిచాను. మర్నాడు మళ్లీ పెట్టింది.

కొన్నాళ్లకు గూట్లోని దువ్వెన, సున్నపుకాయ పోయి దీపం వచ్చింది. కోడిబుట్టకు పూలమాల వేశారు. నాయన చెప్పులకు పసుపు పూశారు. ఆ చెప్పులతో ఆయన ఎన్ని పేడకుప్పలు తొక్కాడో వాటికే తెలుసు. పరీక్షలకు ముందు పిల్లలు తమ పలకలు తెచ్చి ఆ చెక్కపలకకు తాకించుకుని పోయేవాళ్లు. మేష్ట్రు మొదట్లో తల కొట్టుకున్నాడు. తన బదిలీ ఆగితే టెంకాయ కొడతానని ఆయనే మొక్కుకున్నట్టు తరవాత తెలిసింది.

"నాయన ఉండింటే ఇదంతా సూసి నవ్వుతా ఉండె గదత్తా" అన్నాను ఒకరోజు.

"నవ్వనీ. మనిషి పోయినాక ఇంగెట్ల పెట్టుకుంటారు పాపా? దీపముంటేనే గదా, ఆడ ఒకడుండాడని తెలిసేది" అంది అత్త. చిన్నప్పుడు ఆ తమ్ముణ్ని చంకనేసుకుని తిరిగిన మనిషి.

ఆ నెల నేను బయట చేరి, అలవాటు ప్రకారం తోటింటికి పోయాను. నాయన పోయాక కూడా ఆ మూడు రోజులూ అక్కడే గడిపేదాన్ని. మూటకు చేరబడి, మా చీటీలు తీసి గట్టిగా చదువుకునేదాన్ని. నెలంతా అందుకోసమే బతికేదాన్నని చెబితే అతిశయోక్తి కాదు. ఆ రోజు అత్త ముందే వచ్చి లోపల ఊడుస్తోంది. నన్ను చూసి గడపకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఈ మూడ్దినాలు లోపలికి రావద్దు పాపా."

"నువ్వే గదత్తా నన్ను ఈడికి పంపిచ్చింది? ఈ ఇంట్లో దేవుడు లేడంటివి."

"అప్పుడు లేడు" అంది. చీపురు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుని, "ఇప్పుడుండాడు" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ రెండు మాటలనేసి లోపలికి దూరేదాన్ని. నా నాయన్ను దేవుణ్ని చేసి నా మీదే తలుపు వేశారే అని ఒళ్లు మండిపోయింది. ఆమె ముందు ఏడవడం ఇష్టం లేక కపిల దగ్గరికి పోయి ఎద్దులు దిగే దారిలో కూర్చున్నాను. అంతా పేడ, బురద. ఆయన రాసిన చోటు నిజానికి అదే అయినా అక్కడ ఎవరూ కుంకుమ పెట్టలేదు.

కాగితాలు లోపల ఉండిపోయాయి. నాకు వాటితో పని లేదు, ఆ నాటకం నాకు నోటికి వచ్చు. లోపలికి వినపడాలనే కసితో, గొంతెత్తి రాణి తిట్లు అందుకున్నాను. ఆడని నాటకం కనుక ఊళ్లో ఎవరూ వినని తిట్లు. సగం దాకా వచ్చేసరికి అత్త చీపురుతో సహా అరుగు మీదికి వచ్చింది.

"అది మళ్లా చెప్పు."

చెప్పాను.

"ఆ మాటలు నావి గదా?"

"నీవే అత్తా. నేను చెప్పినాను, నాయన తాళం కట్టినాడు."

ఆమె మెల్లిగా అరుగు మీద కూలబడింది. "ఇద్దరూ చేరి నన్ను ఆడిపోసుకుంటా ఉంటిరన్నమాట ఆ మూడ్దినాలూ" అంది. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కొంగుతో ముఖం మూసుకుంది. భుజాలు కదులుతూనే ఉన్నాయి, అది నవ్వు కాదని నాకు తెలుసు. చదువు రాని మనిషి. ఆ పలకకు పూజ చేసింది గానీ, దాని మీద పెట్టి రాసింది తన మాటలేనని ఆమెకు ఎవరు చెబుతారు?

"ఇంగా ఏమేమన్నాడు నన్ను?" అని అడిగింది.

పొద్దు వాలేదాకా చెబుతూనే ఉన్నాను. మధ్యలో ఆమె లేచి ఇంటికి పోయి ముద్దా, అనపకాయల పులుసూ తెచ్చి, ఆకులో పెట్టి, నన్ను తాకకుండా దూరం నుంచి జరిపింది. లోపలికి మాత్రం రమ్మనలేదు. నేనూ అడగలేదు. అప్పటినుంచి నెలనెలా ఆమె అరుగు మీద, నేను కపిల దారిలో. నేను రాగానే, "పోయిన నెల యాడిదాకా వచ్చినాది?" అని అడిగేది. ఆ మాట తన తమ్ముడిదని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు, చెబితే అడగడం మానేస్తుందని భయపడ్డాను.

తరవాత బావికి ఆయిలింజను వచ్చింది. కపిల పీకేసి ఆ దారి పూడ్చేశారు. అత్తా పోయింది. ఇల్లు మాత్రం చక్కగా ఉంది. ఏటా సున్నం కొడతారు, గూట్లో దీపం ఆరిపోనివ్వరు. వయసు మీద పడింది, నాకు ముట్టుతో పని తీరిపోయింది. ఇప్పుడు నేను ఏ రోజు పోయినా అడ్డం నిలిచేవాళ్లు లేరు. అందరికన్నా ముందు నన్నే లోపలికి రమ్మంటారు. పోతాను, దండం పెట్టుకుంటాను, పలక మీది కుంకుమ ఇప్పుడు తుడవను. ఎంతసేపు నిలబడినా ఆ గదిలో ఎవరూ యాడిదాకా వచ్చిందని అడగరు. నన్ను బయట కూర్చోబెట్టిన ఆ మూడు రోజులే నాకు కావాలి.